అరుగుదల కిందికి వస్తుంది

సెకండ్ హ్యాండ్ కారు కొనబోతే ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటగడుతున్నారని జనం గగ్గోలు పెడుతున్నారు. ఇలా గగ్గోలు పెట్టేవాళ్లంతా కృతఘ్నులని నా నిశ్చితాభిప్రాయం!

కారు చెడిపోతే బాగుచేయించడమేనా వారంటీ పని? అంత చిన్న పని మెకానిక్ కూడా చేస్తాడు. దానికోసం అంత లావు పుస్తకం, బంగారు రంగు కార్డు, ఫోన్లో అంత తీయటి సంగీతం ఎందుకండీ? వారంటీ చేసే మేలు వేరు. మనిషికి తానెవరో తెలియజెప్పడం దాని అసలు పని. కళ్లు మూసుకుని గంటలకొద్దీ కూర్చున్నా తెలియని ఆ సంగతి మా తోడల్లుడికి ఒక గేర్‌బాక్స్ వల్ల తెలిసింది.

నమ్మరా? జరిగింది జరిగినట్టు చెబుతాను, వినండి.

మా తోడల్లుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు, పాత కార్లకు వారంటీ అమ్మే కంపెనీలో ఉద్యోగి. అతనిది క్లెయిమ్స్ విభాగం. కారు చెడిపోయింది మొర్రో అని జనం పంపుకునే క్లెయిమ్‌లు చదివి, డబ్బు ఇవ్వాలో వద్దో తేల్చాలి. వద్దనే తేలుస్తాడు. అందులో అతని తప్పేం లేదు. వారంటీ పుస్తకం ఎటు తిప్పి చదివినా అలాగే తేలుతుంది.

అలాగని చెడ్డవాడనుకునేరు! దారిలో చీమను తొక్కానేమోనని చెప్పు విప్పి చూసుకునే రకం. కాదనడంలో కూడా ఎంత మర్యాద! "మీ అసౌకర్యానికి మేమూ బాధపడుతున్నాం. అయినప్పటికీ, సదరు భాగం అరుగుదల కిందికి వస్తుంది కనుక..." అన్న వాక్యం అతను రాసిందే. వాడకంలో అరిగిన భాగానికి వారంటీ పైసా ఇవ్వదు మరి! 'అయినప్పటికీ' తర్వాత కామా కూడా అతని సొంత ఆలోచన. అక్కడ కస్టమర్ కాస్త ఊపిరి పీల్చుకుంటే దెబ్బ తక్కువ తగులుతుందట! ఆ కామాకు మెచ్చి కంపెనీ అతనికొక పింగాణీ కప్పు బహూకరించింది.

మరదలు ఫిజియోథెరపిస్టు. మంచం దిగలేనివాళ్ల ఇళ్లకు వెళ్లి, వాళ్ల కాళ్లూ చేతులూ ఆడించి, బతిమాలి, కోప్పడి, మళ్లీ నడిపిస్తుంది. భుజాన మడత బల్ల, చేతిలో బరువుల సంచి, రెండు బస్సులు మారడం. ఇలా ఇంకొకరి నడుములు నిలబెట్టీ నిలబెట్టీ చివరికి తన నడుమే పట్టేసింది. ఇక కారు లేకుండా కుదరదన్నారు. కొత్తది కొనే తాహతు లేదు కాబట్టి పాతదాన్ని వెతికారు.

దొరికింది కూడా. తెల్లటి చిన్న కారు. మడత బల్ల వెనక సీట్లో హాయిగా పడుకుంటోంది. మరదలికి నచ్చేసింది. సేల్స్‌మన్ ఆ కారును ఆకాశానికెత్తాడు. ఇంజన్ గడియారం అన్నాడు, గేర్లు వెన్న అన్నాడు, ఇంతకుముందున్న ఓనరు కారును కన్నబిడ్డలా చూసుకున్నాడన్నాడు. అన్నీ కుదిరి, కాగితాల మీద సంతకం పెట్టబోయే సమయానికి హఠాత్తుగా గొంతు తగ్గించాడు.

"ఇక ఒక్కటే మిగిలింది మేడమ్. గేర్‌బాక్స్ పోయిందనుకోండి..."

"వెన్నలా ఉందన్నారు కదా?" అంది మరదలు.

"ఉంది. పోదు కూడా. కానీ పోయిందనుకోండి..."

చూశారా ఈ విద్య? నిమిషం క్రితం గడియారంలా ఉన్న ఇంజన్ ఇప్పుడు ఏ మలుపులోనో పొగలు కక్కింది. ఏసీ ఎండలో ప్రాణం విడిచింది. స్టీరింగ్ చేతికి ఊడి వచ్చింది. కన్నబిడ్డలాంటి కారు, తీరా చూస్తే, ఊపిరి బిగబట్టుకుని ఉన్న రోగి! ఆ రోగిని కాపాడే మందు సేల్స్‌మన్ చేతిలో ఉంది, బంగారు రంగు కార్డు రూపంలో.

మరదలు మొగుడి వైపు తిరిగింది. "మీ కంపెనీదేగా ఇది. మీకు తెలియందేముంది? తీసుకుందామా, వద్దా?"

"సార్ మనవాళ్లేనా!" అని సేల్స్‌మన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

మా తోడల్లుడు ఇరుక్కుపోయాడు. వద్దంటే, ఇన్నేళ్లుగా నువ్వు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి చేస్తున్న పనేమిటని పెళ్లాం అడుగుతుంది. తీసుకుందామంటే, ఆ పుస్తకం లోపల ఏముందో అతనికి అక్షరం అక్షరం తెలుసు! అటు సేల్స్‌మన్, ఇటు భార్య, ఎదురుగా గోడమీద తన కంపెనీ ప్రకటనలో నవ్వుతున్న బొమ్మ.

"తీసుకుందాం," అన్నాడు.

ఇంటికొస్తుంటే దారిలో మరదలు మళ్లీ అడిగింది. "నిజం చెప్పండి. ఇది పనికొస్తుందా?"

"ఎందుకు రాదు? మా దగ్గరికొచ్చేవన్నీ దొంగ క్లెయిమ్‌లు కాబట్టి కాదంటాం. మనలాంటి వాళ్లది వస్తే కళ్లు మూసుకుని ఇచ్చెయ్యొచ్చు," అన్నాడు. అన్నాక అతనికే నమ్మకం కుదిరింది. అలా కుదరకపోతే రోజూ ఆఫీసుకెలా వెళతాడు, పాపం!

కారు వచ్చాక మరదలు చక్కగా కోలుకుంది. బస్సులో పోయే సమయంలో ఇంకో పేషెంటును చూడసాగింది. సాయంత్రాలు నవ్వుతూ ఇంటికొచ్చేది. తర్వాత ఒకరోజు గేరు మారుస్తుంటే అడుగునుంచి ఎవరో మూలిగినట్టు వినిపించింది. మర్నాడు మూలుగు గొంతు పెంచింది. ఆ మరుసటి రోజు నాలుగు రోడ్ల కూడలిలో, అన్ని దిక్కులా హారన్లు మోగుతుండగా, కారు కదలనని మొండికేసింది. దారినపోయేవాళ్లు తోసి పక్కన పెట్టారు.

క్లెయిమ్ మరదలే పంపింది. 'ముందుగా ఏదైనా శబ్దం గమనించారా?' అని అడిగిన చోట ఏం రాయమంటారని మొగుణ్ణి అడిగితే, "ఉన్నదున్నట్టు రాయి. నిజానికి భయమెందుకు?" అన్నాడు ధీమాగా. రాసింది.

ఆ కంపెనీలో పక్షపాతానికి తావులేదు. క్లెయిమ్ చూసేవాడికి పేరు కనపడదు, కారు నంబరు కనపడదు. చెడిపోయిన భాగం, కారు వయసు, కస్టమర్ రాసిన నాలుగు ముక్కలు, అంతే. ఒక మధ్యాహ్నం భోజనానికి లేవబోతూ మా తోడల్లుడు చివరి క్లెయిమ్ తెరిచాడు. పాత కారు. గేర్‌బాక్స్. శబ్దం వచ్చిందట, అయినా నడిపారట! 'తెలిసీ నడిపి, పైగా మా మీద పడతారా?' అనుకుని కాదనే మీట నొక్కి, చేతులు కడుక్కుని, క్యారియర్ విప్పుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మరదలు వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఫోను అతని చేతికిచ్చింది.

"మీ అసౌకర్యానికి మేమూ బాధపడుతున్నాం. అయినప్పటికీ," అని చదివి కామా దగ్గర ఆగాడు. ఊపిరి పీల్చుకున్నాడు. దెబ్బేమీ తగ్గలేదు.

"శబ్దం వచ్చిందని నిజం రాసినందుకా ఇది?" అంది మరదలు. "రాలేదని రాసుంటే ఇచ్చేవాళ్లా?"

"లేదు. అప్పుడు వివరాలు దాచారని రాస్తాం."

"ఎవరు రాస్తారు?"

"మేమే."

"మేమంటే?"

"అంటే... నేనే."

"మరి ఇది రాసిందెవరు?"

అతను తల గోక్కున్నాడు. మధ్యాహ్నం, భోజనానికి ముందు, పాత కారు, గేర్‌బాక్స్... ఒక్కొక్కటీ కళ్లముందు తిరిగాయి. "అది కూడా నేనేననుకుంటా," అన్నాడు నేల చూస్తూ.

మరదలు కేకలు వేస్తే బాగుండేది. వేయలేదు. మామూలు గొంతుతోనే అంది. "మోకాళ్లు అరిగిపోయాయనే కదండీ నా దగ్గరికొస్తారు? అరిగింది కాబట్టి చూడనంటే నేనెవర్ని చూడాలి? కొత్త మోకాళ్లవాళ్లనా?"

మా తోడల్లుడు వారంటీ పుస్తకం తీసి మొదటినుంచి తిరగేశాడు.

సరే, అప్పీలు చేద్దామన్నాడు. సెలవు రోజంతా కూర్చుని రాశాడు. ఏ నిబంధనలో ఏ మాటకు ఏ అర్థమో, గేర్‌బాక్స్‌లో ఏ చక్రం ఎందుకు అరుగుతుందో, ఏది ఎందుకు అరగకూడదో, ఈకకు ఈక, తోకకు తోక విడదీసి వివరించాడు. ఈసారి జవాబు పక్క సీటాయన రాశాడు. 'గేర్‌బాక్స్ గురించి ఇంత క్షుణ్ణంగా తెలిసిన కస్టమర్‌కు లోపం సంగతి ముందే తెలియకుండా ఉండే అవకాశం లేదు. మీ అసౌకర్యానికి మేమూ బాధపడుతున్నాం. అయినప్పటికీ,' అని. కామా పొల్లుపోలేదు.

మరదలు మళ్లీ బస్సెక్కింది. సిగ్గుపడి, మా తోడల్లుడు ఒకరోజు సెలవు పెట్టి మడత బల్ల తను మోస్తానని వెంట వెళ్లాడు. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ తుంటి విరిగి మంచాన పడి ఉంది. ఇతను గోడకానుకుని చూస్తున్నాడు. ఆఫీసు బుద్ధి ఊరుకుంటుందా? 'పాత తుంటి. పూర్తిగా అరుగుదల కిందికే వస్తుంది,' అని మనసులో తీర్పు చెప్పేశాడు. ఇంతలో పెద్దావిడ మరదలి భుజం పట్టుకుని లేచి, బూతులు తిట్టుకుంటూ కిటికీ దాకా నడిచి, వీధిలోకి తొంగిచూసి, "ఎదురింటివాళ్లు గోడకి ఈ దిక్కుమాలిన రంగెప్పుడేశారే!" అంది. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. మా తోడల్లుడు కూడా కొట్టాడు. కొడుతూ కళ్లు తుడుచుకున్నాడట. ఈ సంగతి మరదలు చెబితే తెలిసింది.

మర్నాడు ఆఫీసులో ఎన్నడూ ఎవరూ చేయని పని చేశాడు. అమ్మకాలవాళ్లనడిగి నంబరు సంపాదించి, క్లెయిమ్ పెట్టిన ఒక కస్టమర్‌కు ఫోన్ చేశాడు!

"వారంటీ కంపెనీ నుంచి మాట్లాడుతున్నానమ్మా. మీ కారు..."

"మళ్లీ మొదలెట్టారా! మాకేం వద్దు, పెట్టెయ్ ఫోను!"

అయినా ఆమె క్లెయిమ్‌కు సరేనన్నాడు. కాదనడానికి ఒక్క మీట చాలు. సరేననగానే కంప్యూటర్ కంగారుపడి పేజీల మీద పేజీలు తెరిచి, ఎందుకు, ఎందుకు అని అడగసాగింది. కారణం అన్నచోట అతను 'కారు చెడిపోయింది కాబట్టి' అని రాశాడు. అలాంటి కారణం కంప్యూటర్ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మేనేజర్‌ను పిలిచింది.

మేనేజర్ కోప్పడలేదు. కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. "నీది మెత్తటి మనసయ్యా. చాలా మంచి గుణం. కానీ ఇక్కడ దాంతో ఏం చేసుకుంటాం చెప్పు? అమ్మకాల్లోకి వెళ్లు. అక్కడ పనికొస్తుంది," అన్నాడు.

ఈలోగా కారు బాగుపడింది లెండి. మరదలు వీధి చివరి మెకానిక్‌తో ఇంకో పాత గేర్‌బాక్స్ వేయించుకుంది. మళ్లీ చెడితే ఎలా అని అడిగితే, "తీసుకురండి, చూద్దాం," అన్నాడట. కార్డు లేదు, కామా లేదు! ఇదేం వ్యాపారమండీ?

మా తోడల్లుడు అమ్మకాల కౌంటర్లో కూర్చున్న మొదటి రోజే శపథం పట్టాడు: ఇకనుంచి నిజమే చెబుతాను! ఎదురుగా ఒక జంట వచ్చి కూర్చోగానే మొదలెట్టాడు.

"ఇది తీసుకోకండి. గేర్‌బాక్స్ పోతే అరుగుదలంటారు. శబ్దం వచ్చిందంటే తెలిసీ నడిపారంటారు. రాలేదంటే దాచారంటారు. నా క్లెయిమ్ నేనే కొట్టేశాను, నమ్మండి!" అంటూ గొంతు పూడుకుపోయి మంచినీళ్లు తాగాడు.

మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఇంత నిజాయితీగా చెప్పినవాళ్లను మేమెక్కడా చూడలేదండీ," అన్నాడు భర్త. "మీలాంటివారున్న కంపెనీ మోసం చేస్తుందా? అన్నిటికంటే ఎక్కువ కాలం వచ్చేదే ఇవ్వండి," అంది భార్య.

వద్దన్నాడు, బతిమాలాడు, చేతులు పట్టుకున్నాడు. ఆ పట్టుకున్న చేతులతోనే సంతకాలు పెట్టి వెళ్లారు. ఆ తర్వాత వచ్చినవాళ్లూ అంతే. అతను ఎంత వద్దంటే అంతగా కొంటున్నారు. అమ్మకాల్లో అతన్ని మించినవాడు లేడిప్పుడు. కొత్తగా చేరినవాళ్లను అతని పక్కన కూర్చోబెట్టి, గొంతు ఏ మాట దగ్గర పూడుకుపోవాలో నేర్పిస్తున్నారు.

కాబట్టి సందేహం పెట్టుకోకుండా వెళ్లి వారంటీ తీసుకోండి. ఆ కంపెనీలో మనసున్న మనిషే లేడని ఎవరైనా అంటే మాత్రం నేనూరుకోను. ఎందుకు లేడు? మా సొంత తోడల్లుడే ఉన్నాడు! డబ్బు కట్టించుకునే కౌంటర్లో కూర్చోబెట్టారు.