గంగాధరప్ప వైఫై విజయము

అంబాజీదుర్గం కొండపై నీలమేఘసైన్యములు గుడారములు వేసిన ఆషాఢ శనివారమున, పూర్వాహ్ణము పది గంటల వేళ, టమోటా లారీల భేరీభాంకారములతో దద్దరిల్లు చింతామణి పట్టణమందు, ఎనిమిదెకరాల తోటకు ఏకచ్ఛత్రాధిపతియు, వేయడుగుల బోరుబావులు మూడు తవ్వించిన పాతాళభేదనధురంధరుడును అగు గంగాధరప్ప, తన ఇంటి వైఫై పాస్‌వర్డు మరచి, కిరీటము జారిన మహారాజువలె సోఫాపై కూలబడి యుండెను.

లోపలి గదిలో కోడలు వినుత ఇస్త్రీచీర కట్టి లాప్‌టాప్ ముందు కూర్చున్నది. పదిన్నరకు కాలేజీ లెక్చరరు ఉద్యోగానికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఒళ్లో బిడ్డను, చేత పుస్తకమును పట్టి మూడేండ్లు చదివినందుకు వచ్చిన మొదటి పిలుపది. మొబైల్ సిగ్నలా, మిద్దెపై ఫోను మాటలకు చాలునంతే గాని, ఆ ఇంటి గడప తొక్కి యెరుగదు.

ఈ ఘోరవిపత్తునకు కారణము వీరుని రోషమే. పొరుగింటి అక్కమ్మ తన వైఫైతో సీరియళ్లు చూచుచున్నదని తెలిసి, నిన్న సాయంత్రము అరుణనేత్రుడై మిద్దెనెక్కి, కంపెనీవానికి ఫోను చేసి, ఒక్కొక్క అక్షరమును సింహనాదముతో పలికి, పాస్‌వర్డు మార్పించెను. తెల్లవారుసరికి అది మనసున లేదు.

"రాసిపెట్టుకోలేదా మామా?" అన్నది వినుత.

"యాడ రాసేదమ్మా. గుర్తుంటాదనుకుంటి. కంపెనీవాళ్లు పదకొండుకు గాని ఫోనెత్తరు."

అంతట ఆ ధీరుడు ఫోను చేబూని యుద్ధమునకు దిగెను. ఆవు పేరు ప్రయోగించెను, తప్పు. ఇలవేల్పు పేరు సంధించెను, తప్పు. పెండ్లి తేదీని బ్రహ్మాస్త్రముగా విడువబోగా, తొంగిచూచిన భార్య రామలక్ష్మమ్మ, "అది మన పెండ్లిది కాదు, నీ తమ్మునిది" అని వంటింటికి మరలెను.

పది పదిహేడు. వినుత కన్నీరు పెట్టలేదు. లాప్‌టాప్ సగము మూసి, "పోనీ లే మామా, ఇంకోతూరి పిలిస్తే చూస్తాం" అన్నది. ఆ మెత్తని మాట వీరుని గుండెలో పిడివరకు దిగెను.

అప్పుడే పెరటిగోడ కవతల అక్కమ్మ ఫోనులో సీరియలు నిరాటంకముగా మోగుట ఆయన చెవిని పడెను. పాస్‌వర్డు మారిన పిమ్మట ఎట్లు మోగుచున్నది? గంగాధరప్ప గోడచెంతకు నడిచెను. "ఓ దురభిమానమా, నా వంశగౌరవమా, క్షణకాలము కన్నులు మూసికొనుము" అని లోలోన ఘోషించి, పైకి మాత్రము, "అక్కమ్మా, టిఫనైందా?" అనెను.

"అయింది. పాస్‌వర్డు కావల్లనా?"

వీరుడు తల వంచెను.

"మిద్దెమీద నిలబడి వీధంతా ఇనపడేట్ల అరిస్తివి గదప్పా. 'అక్కమ్మకు లేదు' అని ఇంగ్లీషు అక్షరాల్లో అంతా కలిపి కొట్టు. మొదటక్షరం పెద్దది. నా పేరు గదా."

సిగ్గుతో చెవులు కాలుచుండ, ఆయన ఆ అక్షరములను ఒక్కొక్కటే నాటెను. చక్రము తిరిగెను. తిరిగి నిలిచెను. ఫోను నెత్తిన మూడు వంకరగీతలు నెలవంకలవలె వెలిగెను.

అవే అక్షరములు లాప్‌టాప్‌కును చేరగా, పది ఇరవైయెనిమిదికి తలుపు వెనుక, "గుడ్ మార్నింగ్ సర్" అని వినుత కంఠము ఖంగున మ్రోగెను.

అష్టదిక్కులు వినునుగాక: బోరు తవ్వి పాతాళమును గెలిచిన గంగాధరప్ప, ఆషాఢ శనివారమున, సొంత డబ్బు కట్టిన సొంత వైఫైని, సొంత ఇంటిలో, పక్కింటివారి దయతో జయించెను.