జంక్షన్‌కు పూర్తి దారి

భివండి పద్మనగర్‌లో దేవయ్య ఇల్లు, ఆయన తువ్వాళ్లు నేసే మగ్గాల షెడ్డు మీదే. ఆ పొద్దున పన్వేల్‌లో దుకాణాలున్న సోనాలి డిజైన్లు చూడడానికి వస్తోంది. దీవా జంక్షన్‌లో బండి మారి భివండి రోడ్ స్టేషన్‌లో దిగితే, దేవయ్య వెళ్లి తీసుకురావాలి. పాత బేరాలు తగ్గిపోయి, ఇంటిల్లిపాదీ ఆమె మీదే ఆశ పెట్టుకున్నారు.

కూతురు ఆర్తి జావాస్క్రిప్టులో డిజైన్ల సైటు తయారుచేసింది. బొమ్మలన్నీ వేరే ఫోల్డరులో ఉంటాయి, అక్కడికి దారి చూపేది ఒక లింకు. తన లైనక్స్ ల్యాప్‌టాప్‌లో అది చక్కగా నడిచింది. షెడ్డులోని పెద్ద తెర విండోస్ కంప్యూటరులో మాత్రం బొమ్మలకు బదులు ఖాళీ గళ్లు కనిపించాయి. వెంటనే ఠాణేలో ఉద్యోగం చేసే మేనబావ సిద్ధార్థకు ఫోన్ చేసింది.

"బావా, ఈడ నడుస్తలేదు! ఏందీ, జంక్షన్ అయితెనే పనైతదా? సగం దారి చెల్లదా? పూరా దారి కావాల్నా?"

విండోస్‌లో ఫోల్డరుకు దారి చూపే ఒక రకం లింకు పేరే 'జంక్షన్' అని, దానికి దారి మొత్తం రాయాలని అవతల సిద్ధార్థ చెప్పాడు. మెట్ల మీద చాయ్ తాగుతూ ఆర్తి మాటలు మాత్రమే విన్న దేవయ్య ఉలిక్కిపడ్డాడు. బండి నడవడం లేదు, పాపం సోనాలి జంక్షన్‌లో ఇరుక్కుంది అనుకున్నాడు! ఫోనైనా తీసుకోకుండా, పూర్తి దారి తనే వెళ్లి తీసుకొద్దామని దీవాకు రిక్షా ఎక్కేశాడు.

కాసేపటికి భార్య రాజమణి వెతుక్కుంటూ ఆర్తి దగ్గరికి వచ్చింది. "మీ నాయిన ఏడ బోయిండే?"

పక్కింటి పెంటవ్వ అందుకుంది. "గిప్పుడే జూసిన. జల్దీ పోనీ అనుకుంట రిక్షల పోయిండు. మొకం ఎట్లనో ఉన్నది."

రాజమణి నెత్తి కొట్టుకుంది. "నిన్న కూరల ఉప్పెక్కువైందంటే, నచ్చకుంటె ఏడనన్న పోయి తినుమన్న! ఇల్లిడిచి పోయిండు!"

మగ్గాలు ఆగిపోయాయి. పనివాళ్లు తలా ఒక దిక్కుకు పరుగెత్తారు. గుడి మైకులో పూజారి గొంతు మోగింది. "దేవయ్యా, ఏడున్నా ఇంటికి రావాలె. ఇగ ఉప్పు తక్కువేస్తరట!"

మధ్యాహ్నం రిక్షాలోంచి దేవయ్య, వెనకే సోనాలి దిగారు.

"నా బండి లేటయ్యి, దీవాల భివండి బండి తప్పిపోయింది. ఫోన్ల చార్జింగ్ లేదు. వాపస్ పోదామని టికెట్ లైన్ల నిలవడ్డ. గంతల అంకుల్ నా పేరు వట్టి పిలుసుకుంట వచ్చిండు. దేవుడే పంపిండనుకున్న" అంది సోనాలి.

"నాయినా, నీకెవరు చెప్పిన్రు?" అంది ఆర్తి.

"నువ్వే గద బిడ్డా, జంక్షన్ అంటివి, పూరా దారి అంటివి!"

ఆర్తికి నవ్వాగలేదు, కళ్లలో నీళ్లూ ఆగలేదు. కూర్చుని లింకుకు 'జంక్షన్' అన్న మాట చేర్చి, ఫోల్డరు దారి మొత్తం రాసింది. తెర నిండా తువ్వాళ్లు పరుచుకున్నాయి. లైనక్స్ ఆ మాటను పట్టించుకోదు కాబట్టి, తన ల్యాప్‌టాప్‌లోనూ ఏమీ చెడలేదు. సోనాలి పండగలదాకా మగ్గాలు ఆగనంత ఆర్డరిచ్చింది. రాజమణి అందరికీ అన్నం వడ్డించి, మొదటి ముద్ద దేవయ్య తినేదాకా కదల్లేదు.

ఆ తర్వాత ఆర్తి ఫోనులో పని మాట్లాడినప్పుడల్లా, దేవయ్య చెప్పులేసుకుని సిద్ధంగా కూర్చుంటున్నాడు.