స్వర్గీయ రామకోటిగారి కొర్రమీను పచ్చడి

మండవల్లి వాస్తవ్యులు రామకోటిగారు కిందటేడు కార్తీకమాసంలో, నీచు పచ్చళ్లకు గిరాకీ లేని రోజులు చూసుకుని, కుటుంబసభ్యుల అంగీకారంతో, వ్యాపారాభివృద్ధి నిమిత్తం స్వర్గస్థులయ్యారు. ఆ సమయానికి ఆయన పెరట్లో కొర్రమీనుకు బూడిద రాసి తోముతున్నారు.

కారణం లేకపోలేదు. ఆయన భార్య మంగతాయారు పదకొండేళ్లుగా ఇంటి అరుగు మీద కొర్రమీను పచ్చడి అమ్ముతోంది. పచ్చడి బాగుంటుంది. దానికున్న లోపం అదొక్కటేనని ఆమె చెల్లెలి కొడుకు చరణ్‌తేజ తేల్చాడు. అతనికి ఏలూరులో బ్రాండింగ్ ఆఫీసు ఉంది. పచ్చళ్ల సంగతి తెలియకపోయినా జనం సంగతి తెలిసినవాడు.

"రుచి ఎవరికైనా ఉంటుంది పెద్దమ్మా, మనకి కథ ఏదీ? మొగుడూ పెళ్లాం హాయిగా పచ్చడి పెట్టుకుంటున్నారంటే ఎవరి మనసు కరుగుతుంది? పెదనాన్నగారు కొల్లేట్లో పడవ తిరగబడి పోయారనుకోండి..."

"నేనుండగానేరా?" అన్నారు రామకోటిగారు.

"ఉండండి పెదనాన్నగారూ, ఎవరొద్దన్నారు? పెరట్లో ఉండండి."

రామకోటిగారు మెత్తని మనిషి. ఆలోచించి చెబుతానన్నారు. ఆయన ఆలోచన ముగిసేలోపు లేబుళ్లు అచ్చయి వచ్చాయి. ఆధార్ కార్డులోని ఫొటోకి దండ వేశారు. వేరే మార్పులేవీ అవసరం కాలేదు. బొట్టు తీసే ప్రసక్తే లేదని మంగతాయారు తెగేసి చెప్పడంతో, లేబుల్ మీది ఆమె ఫొటోలో ఆ పని కంప్యూటర్ చేసిపెట్టింది. అరుగు మీద ఆమె బొట్టు చూసిన కొనుగోలుదారులు, పల్లెటూళ్లో ఇంత ఆధునిక భావాలా అని మరో రెండు సీసాలు తీసుకున్నారు.

ఊరు కూడా తనవంతు సహకరించింది. పడవ నడిపే దుర్గారాజు ప్రమాదస్థలం ఒకటి ఎంపిక చేసి యాత్రికులకు చూపించసాగాడు. అక్కడ నీళ్లు మోకాలి లోతే. అయినా కళ్లు తుడుచుకుంటున్నవాళ్లెవరూ లోతు చూడలేదు.

కథ ఎప్పుడూ ఒక్కలాగే ఉండాలని చరణ్‌తేజ ఇరవై పేజీల పుస్తకం రాసిచ్చాడు. దాని ప్రకారం స్వర్గీయులు అరుగు మీదికి రాకూడదు, గట్టిగా దగ్గకూడదు, పొద్దుటి టీ పెరట్లోనే తాగాలి. చేపలు కోయకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. ముక్క కోయడం, ఉప్పూ పసుపూ పట్టించి ఆరబెట్టడం ఎప్పటిలా ఆయనే చేసేవారు. చావు ఆయన్ని అంతగా బాధపెట్టలేదు గానీ టీ బాధపెట్టింది. పెళ్లయిన మర్నాటి నుంచి ఆ అరుగు మీద భార్య పక్కన కూర్చుని తాగినవాడాయె. ఇప్పుడు గ్లాసు పట్టుకుని గోడకి ఇవతల నిలబడి, అవతల తన మంచితనం గురించి భార్య వప్పజెబుతున్న కథ వింటుంటే ఆయనకి ఏడుపొచ్చేది.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం ఘనంగా జరపాలని పుస్తకంలో పదిహేడో పేజీ చెబుతోంది. షామియానా వేశారు. రామకోటిగారు బతికే ఉన్నారని తెలిసిన ఊరంతా భోజనానికి వచ్చింది. వర్తక సంఘం అధ్యక్షుడు గోపీచంద్‌గారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! రామకోటిగారు పోలేదు! ప్రతి సీసాలోనూ, ప్రతి ముక్కలోనూ ఆయన బతికే ఉన్నారు! మన మధ్యనే ఉన్నారు!"

పెరట్లో ముక్కలు కోస్తున్న రామకోటిగారికి ఇది న్యాయంగానే తోచింది. చేతులైనా కడుక్కోకుండా వచ్చి షామియానా కింద నిలబడ్డారు.

"ఇక నావల్ల కాదు తాయారూ," అన్నారు.

తాడేపల్లిగూడెం నుంచి కారులో వచ్చిన ఒకావిడ, చేతిలో నాలుగు సీసాలతో, "ఎవరండీ ఈయన?" అంది.

చరణ్‌తేజ పెద్దమ్మకేసి చూసి వద్దన్నట్టు తల ఊపాడు. మంగతాయారు మొగుడి చేతులకంటిన పొలుసులు చూసింది. కొంగుతో తుడుస్తూ, "మా ఆయనండీ. ఈ ముక్కలు కోసేది ఈయనేనండీ," అంది.

అక్కడికక్కడే పచ్చడి చెడిపోయింది. ఒకరికి నీచు వాసన తగిలింది, ఒకరికి నూనె ఎక్కువైంది. మనిషి బతికుండి మోసం చేశాడని గూడెం ఆవిడ కంటతడి పెట్టుకుని, సీసాలు బల్లమీద పెట్టి వెళ్లిపోయింది. ఊరివాళ్లు మాత్రం భోజనం పూర్తిచేసే లేచారు.

ఇప్పుడు రామకోటిగారు అరుగు మీదే టీ తాగుతున్నారు. గిరాకీ పాతరోజులకి వచ్చింది. మొన్న గూడెం ఆవిడే మళ్లీ ఆగి, ముక్క నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, నిట్టూర్చింది.

"బాగానే ఉందండీ. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి, మీరు పోయినప్పటి రుచి లేదు. ద్వారకా తిరుమల దారిలో ఎవరో ఒకావిడ కారప్పొడి కొట్టు కొత్తగా పెట్టారట, ఎటెళ్లాలండీ? ఆవిడకి మొగుడూ కొడుకూ ఇద్దరూ పోయారట!"