వేల్స్ అమ్మమ్మ

దేశం కోసం ఆడేవాడి ఒంట్లో ఆ దేశపు రక్తం ఉరకలెయ్యాలి! క్లిఫ్ లంబ్ ఈ మహావాక్యాన్ని ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో తన క్లబ్బు బారులో, చేతిలో బీరు గ్లాసు పట్టుకుని, పంది మాంసం కూరిన రొట్టె నములుతూ ప్రకటించాడు. రగ్బీ లీగ్ ఆడీ ఆడీ అతని ముక్కు వంకరపోయింది, మోకాళ్లు మొరాయిస్తున్నాయి. అంతర్జాతీయ ఆటగాడు అనిపించుకోవాలన్న కోరిక మాత్రం చెక్కుచెదరలేదు. ఇంగ్లండ్ వాళ్లయితే అతని వంక కన్నెత్తి చూడలేదు.

వేల్స్ జట్టుకు మనుషులు చాలలేదు. తాతల్లో, అమ్మమ్మల్లో ఒక్కరు అక్కడ పుట్టి ఉంటే చాలునని కోచ్ డైసన్ చెప్పగానే, మా అమ్మమ్మ నోరా అక్కడే పుట్టిందని క్లిఫ్ ఓ కోత కోశాడు. నిజానికి ఆవిడ పెళ్లిళ్లకు కూడా యార్క్‌షైర్ పొలిమేర దాటదు. అయినా ఆ క్షణం నుంచి వేల్స్ అతనికి మాతృభూమి అయిపోయింది. కోటుకు వేల్స్ జాతీయ చిహ్నమైన ఉల్లికాడ గుచ్చుకున్నాడు. రాని భాషలోని జాతీయగీతానికి అద్దం ముందు పెదాలాడిస్తూ కన్నీళ్లు సాధన చేశాడు.

అమ్మమ్మను ఒకసారి చూస్తాను, ఆదివారం టీకి వస్తానన్నాడు డైసన్. క్లిఫ్ గుండెల్లో రాయి పడింది. పరుగున నోరా ఇంటికి వెళ్లి కాళ్లావేళ్లా పడ్డాడు.

"వేల్స్‌లో పుట్టానని ఒక్కమాట చెప్పు అమ్మమ్మా. నా ఆటంతా దాని మీదే ఉంది."

నోరా ముఖం పాలిపోయింది. "నీకెవరు చెప్పార్రా?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఆ రోజుల్లో పుట్టేవాడు రేపు యార్క్‌షైర్‌కి క్రికెట్ ఆడాలంటే యార్క్‌షైర్ గడ్డ మీదే పుట్టాలి. అందుకని నెలలు నిండిన ఆడవాళ్లను ఎక్కడున్నా పొలిమేర లోపలికి లాక్కొచ్చేవాళ్లు. నోరా తల్లి నిండు నెలలతో వేల్స్ సముద్రతీరానికి షికారు వెళ్లి, తిరుగు రైలు అందుకోలేకపోయింది. నోరా అక్కడే పుట్టేసింది.

"మీ తాతకు కూడా చెప్పలేదు. నాలుగిళ్లలో పరువేం కావాలి?" అంది నోరా. చచ్చినా నోరు విప్పనని తెగేసి చెప్పింది.

ఆదివారం డైసన్ వేల్స్ జెండా మీది ఎర్ర డ్రాగన్ బొమ్మ ఉన్న టై కట్టుకుని వచ్చాడు. మీరు వేల్స్‌లో పుట్టారా అని అడిగాడు.

"నేనా? ఏడు తరాల యార్క్‌షైర్ మాది," అంది నోరా. చేతిలో కప్పు గడగడా వణికింది. ఇక తన పని అయిపోయిందని క్లిఫ్ తల వంచుకున్నాడు.

డైసన్ నవ్వాడు. "మా జట్టులో మిగతా అమ్మమ్మలంతా తడుముకోకుండా ఔనన్నారు. ఒక్కరి మాటా నేను నమ్మలేదు. కాదనడానికి ఇంత భయపడింది మీరొక్కరే. నేనూ యార్క్‌షైర్ వాణ్ణే, ఆ సిగ్గు నాకు తెలుసు. క్లిఫ్, నీ చొక్కా సైజెంత?"

వేల్స్, ఇంగ్లండ్ జట్ల పోటీ యార్క్‌షైర్‌లోనే జరిగింది. వేల్స్ ఆటగాళ్లంతా ఎవరికీ రాని గీతానికి పెదాలు ఆడించారు. క్లిఫ్ అందరికన్నా బాగా ఏడ్చాడు. ఆ మైదానం మొత్తం మీద నిజంగా వేల్స్‌లో పుట్టిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిడ ముందు వరసలో నిలబడి, ఇంగ్లండ్ జెండా ఊపుతూ, మనవడి వైపు వేలు చూపించి అరుస్తోంది.

"ముందు ఆ వేల్స్ వాణ్ణి పడగొట్టండ్రా!"