రెండో చరణంలో టక్కు

గడియారాలు బాగుచేసే ఆయన ఆ ఆదివారం పొద్దున వేసుకున్న పథకం చిన్నదే. రికార్డు ప్లేయరుకు కొత్త కార్ట్రిడ్జి, అంటే సూదిని పట్టుకుని ఉండే ముక్క, కొనుక్కొచ్చి బిగించాలి. సాయంత్రం వదినగారు వస్తే పాట వినిపించాలి. పెళ్లికి ముందు ఆయన భార్య, వాళ్లక్క అయిన ఈ వదినగారు, మరో ముగ్గురు కలిసి పాడిన బృందగానం అది. రెండో చరణంలో ఒంటరిగా లేచే తీయటి గొంతు తన భార్యదేనని ఆయన పెళ్లయిన కొత్తలోనే పోల్చేశాడు. సరిగ్గా ఆ గొంతు మీదే 'టక్' మని ఒక చప్పుడు. దుమ్ము చేరిందనుకుని ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆ చోటును తుడవని ఆదివారం లేదు. చివరికి తప్పంతా పాత సూదిదేనని తేల్చాడు.

"మీ ప్లేయర్‌లో సూదిని మోసే ఆర్మ్ బరువైనదా, తేలికదా అండీ? దానికి జత కుదిరే సూది ఇవ్వాలి" అన్నాడు కొట్టాయన.

"వెంట్రుకంత స్ప్రింగులు బిగించే చెయ్యి నాది. అన్నిట్లోకీ మెత్తటిది ఇవ్వవయ్యా!"

గడియారాల్లో మెత్తనిదే మేలురకం. కానీ ఆయన ప్లేయరు ఆర్మ్ ఇనుప కడ్డీ. దాని బరువుకు మెత్తటి సూది ఎగిరెగిరి పడింది. పంతం కొద్దీ ఆ ఆర్మ్‌కు వరసగా బెజ్జాలు పెట్టి తేలిక చేశాడు. పాట కుదురుకుంది. అయితే ఇంట్లో ఎవరు అడుగు తీసి అడుగేసినా సూది గెంతుతోంది.

ఫ్యాను ఆపించాడు. బట్టల మెషీను ఆపించాడు. భార్యను కుర్చీలో కూర్చోబెట్టి కదలొద్దన్నాడు. పై ఇంట్లో స్కిప్పింగు మొదలయ్యేసరికి మునివేళ్ల మీద మెట్లెక్కాడు.

"సాయంత్రం కాస్త చప్పుడు కాకుండా చూడమ్మా. మా ఆవిడ..." అని గుసగుసగా మొదలుపెట్టాడు.

"అయ్యో, ఒంట్లో బాగాలేదా?" అంది పై ఇంటావిడ.

కార్ట్రిడ్జి సంగతంతా ఎవరు విప్పి చెబుతారని ఆయన తలూపేసి వచ్చాడు.

ఆరింటికి వదినగారి వెనకాలే పళ్ల సంచులతో భవనంలోని వాళ్లంతా పిల్లుల్లా నడిచొచ్చారు. చాపల మీద ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఇంత నిశ్శబ్దం మళ్లీ దొరకదని ఆయన సూది దించాడు. గది నిండా పాట పరుచుకుంది. ఆయన కళ్లు చెమర్చాయి.

రెండో చరణం వచ్చింది. తీయటి గొంతు లేచింది. ఈసారి టక్కు లేదు. దాని చోట గొంతు దాకా వచ్చి నొక్కిపెట్టినా ఆగని చక్కటి దగ్గు ఉంది.

"అయ్యో, దగ్గు కూడానా!" అంటూ పై ఇంటావిడ ఆయన భార్యకు నీళ్లందించింది.

వదినగారు పడీ పడీ నవ్వింది. "దానిదేనమ్మా, కానీ ఇప్పటిది కాదు! నేను పాడుతుంటే వెనక నిలబడి దగ్గింది. మరిదిగారూ, ఇన్నాళ్లకి స్పష్టంగా వినిపించింది!"

ఆయన సూది ఎత్తి భార్య వైపు తిరిగాడు.

"ఆ చరణంలో నోరు మూసుకుని నిలబడటమే నా పనండీ. అదీ చేతకాలేదు" అందామె తల దించుకుని. "కొత్తలో మీరు అంత మురిసిపోతుంటే కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఆ తర్వాత ఎప్పుడు చెబుదామన్నా ఆలస్యమైపోయినట్టే ఉండేది. ప్రతి ఆదివారం మీరు నా దగ్గును తుడుస్తుంటే చూస్తూ ఊరుకున్నాను."

ఆయనకు సిగ్గేసింది. ఆ రికార్డులో భార్య ఒక్కతే వినిపించే చోటు అదొక్కటే. దాన్ని పోగొట్టాలనే ఇన్నేళ్లూ కష్టపడ్డాడు. ఆర్మ్ పట్టుకుని, దగ్గుకు రెండు గీతల ముందు సూది దించాడు. దగ్గు వినిపించగానే ఎత్తాడు. మళ్లీ దించాడు.

పాడిన వదినగారికి మాత్రం తన చరణం చివరిదాకా వినే యోగం ఆ సాయంత్రం పట్టలేదు.