మొదటి ఆప్షన్ మార్చిందెవరు?

వనపర్తి కాలేజీ ఉండాల్సిన మొదటి నంబరులో నాగర్‌కర్నూల్ కాలేజీ కూర్చుని ఉంది. కంప్యూటర్ తెర మీద ఆ వరస చూసి స్వరూప బిగుసుకుపోయింది. డిగ్రీ ప్రవేశాలకు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆ సాయంత్రమే ఆఖరు. కొత్తకోట బస్టాండు దగ్గరి బాసిత్ నెట్ సెంటరులో ప్రింటు తీసుకుని, అమ్మ వేసే దోసెలు చల్లారేలోపు ఇల్లు చేరాలన్నదే ఆమె పొద్దుటి ఆలోచన.

నిజానికి ఆమె మనసంతా నాగర్‌కర్నూల్ మీదే. ఆమె చదవాలనుకున్న మైక్రోబయాలజీ అక్కడుంది. కానీ హాస్టల్లో ఉండాలి. హాస్టలు మాటెత్తితేనే అమ్మ బాలనాగమ్మ అన్నం గిన్నె పక్కకు నెట్టేది. లారీ మెకానిక్ అయిన నాయిన నాగేశ్, "మీ అమ్మ ఎట్లంటే గట్ల" అని మళ్లీ లారీ కిందికి దూరేవాడు. చేసేది లేక, రోజూ బస్సులో వెళ్లి రాగల వనపర్తిని స్వరూపే మొదట పెట్టి, నాగర్‌కర్నూల్‌ను రెండో నంబరుకు దించింది. ఆమె మార్కులకు మొదట ఏది పెడితే అక్కడే సీటు ఖాయం.

ఇప్పుడు రెండోది తనంతట తానే పైకెక్కింది. స్వరూప గుండె ముందు సంతోషంతో ఎగిరింది, ఆ వెంటనే భయంతో కూలబడింది. ఈ నేరంతో లాభపడేది ఒక్కరే. అది తనే. ఇంతకు తెగించిన పిల్లకు అసలు కాలేజీయే వద్దని అమ్మ అంటే?

"బాసిత్ అన్నా, దీన్నెవరు మార్చిన్రు?"

బాసిత్ కీబోర్డు మీది దుమ్ము ఊదాడు. "ఓటీపీ లేకుంటే మా అబ్బా వచ్చినా మారదు చెల్లె. మీ ఇంట్ల ఓటీపీ ఎవరికొస్తదో నీకు తెల్వదా?"

తెలుసు. అమ్మానాయినా పుణె పనులకు పోయిన కాలంలో, ఊళ్లో కదలకుండా ఉండేది అవ్వ పెంటమ్మ ఒక్కతే కాబట్టి, ఇంటిల్లిపాది ఆధార్లకూ ఆమె నంబరే ఇచ్చారు. వాళ్లు తిరిగొచ్చినా నంబరు మారలేదు. ఆ ఇంట్లో ఎవరికి ఏ సర్కారు పని పడ్డా, పెంటమ్మ రొండిన దోపుకున్న ఫోను మోగాల్సిందే.

సంగతి వినగానే బాలనాగమ్మ దోసె పెనం దించేసింది. "గా పీఆర్వో పోరడే. మొన్న అవ్వ పక్కన కూసొని ఫోను చూసిండు."

ఆమె అనుమానం వింతేమీ కాదు. ఇంటర్ ఫలితాలు వచ్చిన నాటి నుంచీ పీఆర్వోలనే ప్రైవేటు కాలేజీల మనుషులు ఇంటింటికీ తిరిగి, బ్యాగులు పంచి, ఓటీపీలు అడిగి పట్టుకుపోతున్నారు.

బాలనాగమ్మ నాగేశ్ షెడ్డుకు బయలుదేరింది. చాయ్ హోటల్ దగ్గర, "మా పిల్లను నాగర్‌కర్నూల్‌ల ఏసిండు" అంది. ఆ మాట పంక్చర్ షాపు చేరేసరికి, పిల్లను నాగర్‌కర్నూల్ తీసుకుపోయారని అయింది. డాబా దగ్గరికొచ్చేసరికి ఒక లారీ డ్రైవరు, పిల్లను ఎక్కించుకున్న కారును తాను కళ్లారా చూశానన్నాడు. స్వరూప అమ్మ వెనకాలే నడుస్తున్న సంగతి ఎవరికీ పట్టలేదు.

అంతలో పీఆర్వో చైతన్య బ్యాగుల మూటతో మోటారు సైకిలు మీద రానే వచ్చాడు. లారీ రోడ్డుకు అడ్డం తిరిగింది. నలుగురు అతన్ని తెచ్చి డాబా మంచం మీద కూర్చోబెట్టారు.

"పిల్లేది?" డ్రైవరు అడిగాడు.

"ఏ పిల్ల? స్వరూపనా? గాడనే నిలవడ్డది గద."

అందరూ అటు తిరిగారు. స్వరూప తల వంచుకుంది. డ్రైవరు కొంచెం నిరాశపడ్డట్టు కనిపించాడు.

అసలు సంగతి విన్నాక చైతన్యకు ఒళ్లు మండింది. "మాది గద్వాల కాలేజీ అక్కా. మార్చేటోడినైతే మాదాన్నే పైకి పెట్టుకోనా? సర్కారు కాలేజీని ఎక్కిచ్చేటందుకు నాకేమన్న పిచ్చా?" స్వరూప చేతిలోని ప్రింటు లాక్కుని కిందిదాకా చదివాడు. మొహం మాడిపోయింది. "మాది ఒక్క తాన గూడ లేదేంది? మీ అవ్వ నా సోడా తాగి మాటిచ్చె."

అతన్ని ఊరడించడానికి, గోల విని షెడ్డులోంచి వచ్చిన నాగేశ్ చాయ్ తెప్పించాల్సి వచ్చింది.

"ఎవడు మారిస్తే ఏంది, మళ్ల వనపర్తినే పెట్టియ్యి" అంది బాలనాగమ్మ.

అందుకూ ఓటీపీ కావాలి. పెంటమ్మ పొద్దున్నే నాగర్‌కర్నూల్ అవతల లింగాలలోని చెల్లెలు హన్మమ్మ దగ్గరికి బస్సెక్కింది. ఫోను స్విచాఫ్. హన్మమ్మకు ఫోనే లేదు.

"నేను పోయి తెస్త. పిల్లను గూడ తీస్కపోత" అని నాగేశ్ బండి తీశాడు.

ఊరందరి బండ్లు బాగుచేసే మనిషి బండి వనపర్తి దాటగానే ఒకసారి చాలాసేపు ఆగింది. నాగర్‌కర్నూల్‌లో సరిగ్గా కాలేజీ ముందు పూర్తిగా మొరాయించింది. ఎండ వాలిపోతోంది. నాగేశ్ ప్లగ్గు తీసి తుడిచి పెట్టాడు. మళ్లీ తీశాడు.

"గా పైన మూలకు కిటికీ ఉంది చూడు. గదే హాస్టలు. గాలి మంచిగొస్తది. రెండు పూటల నీళ్లుంటయి. అన్నం గూడ పర్వాలే."

"నీకెట్ల తెలుసు నాయినా?"

ఆయన జవాబు చెప్పేలోపే గేటు దగ్గరి వాచ్‌మన్ చెయ్యెత్తాడు. "ఏం నాగేశన్నా, మళ్లొచ్చినవ్?"

స్వరూప తండ్రిని ఎగాదిగా చూసింది. ఆయన ప్లగ్గును మరింత శ్రద్ధగా తుడవసాగాడు. జేబులో ఫోను మోగింది. బాలనాగమ్మ గొంతు స్వరూపకూ వినబడింది.

"అవ్వ దొరికిందా?"

"బండి ఆగింది."

"పోనీ, నిమ్మలంగ రాండ్రి. పొద్దున పిల్ల మొకం చూసిన. దుఃఖం లేదు, నవ్వు ఆపుకుంటుండె. గక్కడనే సదువుకోనీ. నెలకోసారి నేనే పోయి చూసొస్త. గానీ ఆప్షన్ మార్చినోడు దొరకాలె, వాని సంగతి చెప్త. పొద్దుగాల నుంచి నన్ను బజార్ల నిలవెట్టిండు."

ఫోను జేబులో పెట్టుకుని, నాగేశ్ కూతురి పక్కనే గేటు దిమ్మె మీద కూర్చున్నాడు.

"మార్చింది నేనే బిడ్డా. నిన్న పొద్దూకినంక అవ్వ ఫోన్ల ఓటీపీ తీస్కొని బాసిత్ తాన మార్పిచ్చి, ఎవ్వలికి చెప్పొద్దని కసం పెట్టిచ్చిన. మీ అవ్వను బస్సెక్కిచ్చి ఫోను బంద్ చేపిచ్చింది గూడ నేనే. బండికి ఏ రోగం లేదు. నిన్ను ఈడికి పంపనీకె నాకు భయం లేకుండె. ఇప్పుడు ఇంటికి ఎట్ల పోవాల్నో, గదే తెలుస్తలేదు."