మొండయ్య తల ఊపిండు

నగరంలో పెద్ద వయసు వారికి ఇకమీదట ఏ లోటూ ఉండబోదని వరంగల్ ప్రజలందరికీ తెలియజేయడమైనది. వారి మేలు కోసం నగర వయోవృద్ధుల సలహా మండలి ఏర్పడింది. మండలి ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు కూడా ఉంది, వాడితే పాడవుతుందని ఆపి ఉంచారు. మోకాళ్ల నొప్పులున్నవారు తమ బాధను కాగితం మీద రాసుకొని, స్వయంగా పైకి వచ్చి ఇవ్వాలని నియమం. ఎక్కి వచ్చినవారికి మోకాళ్లు దివ్యంగా ఉన్నాయని అక్కడికక్కడే తేలిపోతుంది. ఎక్కలేనివారి కాగితం అందనే అందదు. అందువల్ల మొదటి ఏడాదిలో తీరని ఫిర్యాదు ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు.

మండలికి తొమ్మిది మంది సభ్యులు. అధ్యక్షులు రాజేశ్వర్ రావు గారికి నలభై తొమ్మిదేండ్లు. ముసలితనం సంగతి ముసలోళ్లకు ఏం తెలుస్తుంది, దూరం నుంచి చూసేవాడికే తెలుస్తుందని ఆయన నమ్మకం. విజయ్‌కుమార్ గారికి బట్టల దుకాణం ఉంది, సన్మానాలకు శాలువలు ఆయనే ఇస్తారు కాబట్టి ఆయన లేని మండలి ఉండదు. కార్యదర్శి కిషన్ రావు మాట నోటి నుంచి ఊడిపడక ముందే రాసేసుకోగల నేర్పరి. అయితే కాగితాల్లో ఒక చిన్న చిక్కుంది. పదో సభ్యుడు డెబ్బై దాటిన మనిషి అయి ఉండాలి, అతను ఒప్పుకోనిదే ఏ తీర్మానమూ చెల్లదు. అటువంటి మనిషి కోసం మండలివారు ఏడు నెలలు వెతికారు. నగరం నిండా ఉన్నారు గాని, మూడో అంతస్తులో ఒక్కడూ కనబడలేదు.

మొండయ్య దొరికింది అట్లనే. కొత్తవాడలో గుంత మగ్గం మీద యాభై రెండేండ్లు జంపఖానాలు నేసిన మనిషి. మండలి హాల్లో పరచడానికి ఒక జంపఖానా కావాలంటే, దాన్ని భుజాన వేసుకొని మెట్లెక్కి, పైకి చేరి, ఊపిరి కోసం గోడకు ఒరిగి కూర్చున్నాడు. వయసెంతని అడిగారు. డెబ్బై నాలుగన్నాడు. అంతకు మించి మాట్లాడే అలవాటు అతనికి లేదు. ఊపిరి తిరిగి వచ్చేసరికి తాను సభ్యుడైపోయాడు. మెడలో దండ వేశారు, శాలువ కప్పారు, ఫోటో దించారు. జంపఖానా పరిచే పని కూడా సభ్యుడి హోదాలో అతనిచేతనే చేయించారు.

శాలువతో ఇంటికి పోయిన మొండయ్యను భార్య అనసూర్య ఎగాదిగా చూసింది. ఆమెకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ప్రతి మంగళవారం హనుమకొండకు పోయి డాక్టరుకు చూపించుకుంటుంది. డాక్టరు చెప్పేది ఒక్కటే మాట, ఎక్కువసేపు నిలబడొద్దని. ఆ మాట విని బయటికి వచ్చి, ముందరున్న బస్టాపులో ముప్పావు గంట నిలబడుతుంది. అక్కడ నీడకు రేకు ఉంది, రేకు మీద ప్రకటన ఉంది. కూర్చోవడానికి మాత్రం ఏమీ లేదు.

"మీటింగుల నీకు కుర్సీ ఏస్తాండ్లు గదా" అన్నది అనసూర్య. "ఆ బస్టాపుల నాకొక బల్ల ఎయ్యిమని అడుగు. నాకు నీ శాలువ వద్దు, ఏం వద్దు."

మొండయ్య సరే అన్నాడు. అతను సరే అన్నాడంటే పని అయినట్టే, కాకపోతే ఎప్పుడనేదే ప్రశ్న.

ఇక్కడ మొండయ్య తల గురించి కొంత చెప్పుకోవాలి. మనిషి మగ్గం దిగుతాడు గాని మగ్గం మనిషిని దిగదు. యాభై రెండేండ్లు పోగును మోసే నాడె కుడికి పోతే చూపు కుడికి పోయింది, ఎడమకు పోతే ఎడమకు పోయింది, పోగు మీద దెబ్బ పడ్డప్పుడల్లా తల కిందికి వంగింది. ఇప్పుడు ఎక్కడన్నా టకటక చప్పుడు వినబడితే చాలు, ఆ తల తన పని తాను చేసుకుంటుంది. కొత్తవాడలో ఇది వింత కాదు. పెళ్లి డప్పుల దగ్గర నలుగురు పాత నేతగాళ్లు వరుసగా కూర్చుంటే నాలుగు తలలూ కలిసి ఒక్కటే జంపఖానా నేస్తుంటాయి. ఎవరూ పట్టించుకోరు.

మండలి హాల్లో ఒక పాత ఫ్యాను ఉంది. అది టక్కు టక్కుమంటూ తిరుగుతుంది. మొండయ్య కుర్చీ దాని కిందనే పడింది.

మొదటి మీటింగులో వృద్ధులకు పరుగు పందెం పెట్టాలని తీర్మానం వచ్చింది. మొండయ్య తల ఊగింది. "పెద్దల ప్రతినిధి తల ఊపి ఆమోదించినారు" అని కిషన్ రావు రాసుకున్నాడు. పందెంలో పదకొండు మంది బయల్దేరారు, ఇద్దరు చేరారు, ఆ ఇద్దరూ ఆటోలో వచ్చారు. రెండో మీటింగులో ఫిర్యాదులన్నీ ఫోన్లో యాప్ ద్వారానే ఇవ్వాలన్నారు. తల ఊగింది. చదవడానికి కండ్లు ఆనక ఇబ్బంది పడేవారు ఆ ఇబ్బందిని కూడా యాప్‌లోనే రాయాలని అందులో చిన్న అక్షరాలతో ఉంది. మూడో మీటింగులో పెద్దలు ఎట్లా కూర్చుంటారో అధ్యయనం చేయడానికి సభ్యులందరూ జాతరకు మేడారం పోయి రావాలని నిర్ణయించారు. పోయారు, దర్శనం చేసుకున్నారు, బంగారమని పిలిచే బెల్లం సంచుల కొద్దీ తెచ్చుకున్నారు. పెద్దలు నేల మీద కూర్చుంటారని పద్దెనిమిది పేజీల నివేదిక ఇచ్చారు. ఆ నివేదికకూ మొండయ్య తల ఊగింది.

ప్రతి మీటింగులోనూ బల్ల సంగతి అడగాలనే మొండయ్య పోయేవాడు. కాని అతనికి మాట గుండెల్లో పుట్టి గొంతు దాకా రావడానికి కొంత సమయం పడుతుంది. అది వచ్చేలోగా చాయ్ వచ్చేది. చాయ్ తర్వాత వందన సమర్పణ.

పదకొండో నెలలో మాట చాయ్ కన్నా ముందు వచ్చింది.

"బస్టాపుల ఒక బల్ల కావాలె" అన్నాడు మొండయ్య.

అన్ని తలలూ అతని వైపు తిరిగాయి. ఫ్యాను మాత్రం తన దారిన తాను తిరిగింది. రాజేశ్వర్ రావు గారు లేచి నిలబడి, ఇది బల్ల కాదు, తరతరాల అనుభవం గొంతు విప్పడం అని నలభై నిమిషాలు మాట్లాడారు. కాకతీయుల కాలంలో పెద్దలను ఎట్లా గౌరవించారో చెప్పారు. అప్పట్లో బస్టాపులు లేవన్న సంగతి కూడా నిజాయితీగా ఒప్పుకున్నారు. ఆ తర్వాత చర్చ మొదలైంది. బల్ల వేస్తే పెద్దలు కూర్చోవడానికి అలవాటు పడిపోతారని ఒకరన్నారు. నిలబడితే ఎముకలకు బలమని విజయ్‌కుమార్ గారు ఎక్కడో చదివారు. చివరికి మధ్యేమార్గంగా, బల్లకు బదులు ఒక బోర్డు పెడితే ఎట్లుంటుందని పెద్దల ప్రతినిధినే అడిగారు.

కాదు అనే మాట మొండయ్యకు గుండెల్లో పుట్టింది. గొంతు దాకా బయల్దేరింది. ఈలోగా ఫ్యాను టక్కుమంది, తల ఊగింది, కిషన్ రావు రాసుకున్నాడు.

వచ్చే మంగళవారానికి బస్టాపులో నీలం రంగు బోర్డు వెలిసింది. "వయోవృద్ధులు నిలబడుటకు ప్రత్యేక స్థలము" అని దాని మీద ఉంది. అనసూర్య ఆ ప్రత్యేక స్థలములో ముప్పావు గంట ప్రత్యేకంగా నిలబడి ఇంటికి వచ్చింది.

"ఎవలు పెట్టిచ్చిండ్లు ఆ బోర్డు?" అని అడిగింది.

మొండయ్య నూనె గిన్నె అందించాడు. ఆమె మోకాళ్లకు నూనె రాసుకుంటూ ఇంకోసారి అడిగింది. అప్పుడు చెప్పాడు, తన తల పెట్టించిందని.

అనసూర్యకు ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. నూనె గిన్నె పక్కన పెట్టి నవ్వింది. పెండ్లయిన కొత్తల కూడా గిట్లనే, నేను ఏమడిగినా తల ఊపుతాంటే ఎంత మంచోడు దొరికిండనుకున్న, మగ్గం చప్పుడని ఆరు నెలలకు గాని తెల్వలే అన్నది. ఇంత కాలం ఆ తలతో కాపురం చేసిన మనిషి కాబట్టి మందు కూడా ఆమెకే తెలుసు.

"నోరు పనిజెయ్యకుంటే మానె. తలకాయనన్న ఆపు. రెండు చేతులతోని పట్టుకొని కూసో" అన్నది.

తర్వాతి మీటింగులో మొండయ్య అట్లనే కూర్చున్నాడు. మోచేతులు ముందున్న టేబులు మీద ఆనించి, రెండు అరచేతుల మధ్య తలను గట్టిగా బిగించాడు. ఆ రోజు ఎజెండాలో పెద్ద విషయమే ఉంది. వృద్ధుల దినోత్సవం నాడు మండలి సభ్యులు ఒకరినొకరు సన్మానించుకోవాలి. రాజేశ్వర్ రావు గారు తీర్మానం చదివారు. అందరూ మొండయ్య వైపు చూశారు. ఫ్యాను టక్కుమంది. తల కదల్లేదు.

కిషన్ రావు కలం గాల్లోనే ఆగింది. మండలి పుట్టినప్పటి నుంచి అట్లా ఆగడం అదే మొదటిసారి. తీర్మానం ఇంకోసారి, కొంచెం పెద్ద గొంతుతో చదివారు. తల కదల్లేదు. శాలువ తెప్పించి కప్పారు. దాని మీద ఇంకోటి కప్పారు. శాలువలు రెండయ్యాయి గాని తల ఒక్కటే, అది ఉన్న చోటనే ఉంది.

"పెద్దాయనా, తల నొస్తాందా?" అని అడిగారు రాజేశ్వర్ రావు గారు.

"లే."

"మరి?"

"బల్ల."

సన్మానం తేదీ దగ్గర పడింది, దండలకు చెప్పేశారు, ఫోటోగ్రాఫరుకు చెప్పేశారు. ఎముకల బలం గురించి ఎవరికీ ఏమీ గుర్తుకు రాలేదు. ఇనుప బల్ల ఒకటి మంజూరైంది. ఆ కాగితం మీద సంతకం పడ్డాక మొండయ్య చేతులు తీశాడు. పట్టి ఉంచిన తల కదా, మిగిలిన తీర్మానాలన్నిటికీ కలిపి ఒక్కసారే ఊగింది.

బల్ల నెల రోజుల్లో వచ్చింది, నిజం చెప్పాలంటే మంచి బల్ల. ఆనుకునే చోట పదిమంది సభ్యుల పేర్లు ఉబ్బెత్తు అక్షరాలతో పోత పోశారు. వీపుకు గుచ్చుకుంటాయి గాని పేర్లు మాత్రం చెరగవు. ప్రారంభోత్సవం కాకుండా ఎవరన్నా కూర్చుంటే ముఖ్య అతిథికి అవమానమని బల్లకు ప్లాస్టిక్ చుట్టి, చుట్టూ తాడు కట్టి, కాపలాకు కట్టయ్యను పెట్టారు. కట్టయ్యకు అరవై ఎనిమిదేండ్లు. బల్ల పక్కన పొద్దంతా నిలబడి, పెద్దవాళ్లను కూర్చోనీయకుండా చూడటం అతని ఉద్యోగం. ముఖ్య అతిథికి తీరిక దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ప్రతి మంగళవారం అనసూర్య, కట్టయ్య బల్లకు అటొకరు ఇటొకరు నిలబడ్డారు.

"అక్కా, నాకు గూడ మోకాళ్లే" అన్నాడు ఒకనాడు కట్టయ్య.

"కూసోరాదు తమ్మీ, ఎవలు జూస్తాండ్లు?"

"నేనే జూస్తాన్న గదనే" అన్నాడు కట్టయ్య.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. ఎండలో నిలబడి చప్పట్లు కొట్టడానికి అరవై మంది పెద్దలను పిలిపించారు. ముఖ్య అతిథి రిబ్బన్ కత్తిరించి బల్ల మీద కూర్చున్నారు. పక్కన రాజేశ్వర్ రావు గారు, ఆ పక్కన విజయ్‌కుమార్ గారు సర్దుకున్నారు. మొండయ్యను వెనక నిలబెట్టి ఫోటో దించారు. పెద్దలకు ఆసనం, నగరానికి శోభ అని మూడు ఉపన్యాసాలు నడిచాయి. అందరూ పోయాక అనసూర్య ఒక్క ఐదు నిమిషాలు కూర్చుంది. పేర్లు గుచ్చుకున్నా సరే, మంచిగున్నది అన్నది. మొండయ్య పక్కన కూర్చున్నాడు. ఆ ఐదు నిమిషాలూ చుట్టుపక్కల ఏ చప్పుడూ లేకపోయినా తల ఊగింది.

తర్వాతి మంగళవారం నుంచి బల్ల ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటున్నది. అంటే మండలి సేవలు బాగా అందుతున్నాయని అర్థం. కాలేజీకి పోయేవాళ్లు, ఫోన్ చూసుకునేవాళ్లు, సంచీకి ఒక చోటు, తమకు ఒక చోటు కావలసినవాళ్లు, ఇట్లా ఎవరో ఒకరు ఉంటారు. అందరూ మంచివాళ్లే. ముసలోళ్లకు ఈ నగరంలో మర్యాద లేకుండా పోయిందని వాళ్లలో వాళ్లు బాధపడుతూ ఉంటారు. అనసూర్య బోర్డు కింద, ఆమెకు కేటాయించిన స్థలములో నిలబడి ఆ మాటలు వింటూ ఉంటుంది.

ఇదంతా చదివి మీరు కూడా, నిజమే నిజమే అని తల ఊపుతున్నారు. కనబడుతూనే ఉంది. తల ఊపుడు మొండయ్యే చాలా ఊపిండు, దానికి కొదవ లేదు.

మీరు కూర్చున్నది ఆ బల్ల మీదనే గదా. జర లేవుండ్రి. ఇవ్వాళ మంగళవారం.